లెక్కల పెట్టెలో పసిపిల్ల

ఇప్పుడంటే జవాబు పత్రాలు కంప్యూటర్ తెర మీదికే వస్తున్నాయి. దిద్దేవాళ్ళు ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని, మీట నొక్కి మార్కులు వేసి, లేచి ఇంటికి వెళ్ళిపోతున్నారు. పాతికేళ్ళ కిందట అలా కాదు. పరీక్షలు అయిపోగానే ఒక పెద్ద బడిని ఎంచుకుని, చుట్టుపక్కల ఊళ్ళ టీచర్లందరినీ అక్కడికి పిలిపించి, పన్నెండు రోజులు ఒకే కప్పు కింద కూర్చోబెట్టి దిద్దించేవారు. రమ్మని వచ్చే ఉత్తర్వులో చంటిపిల్లల ఊసే ఉండేది కాదు. తీసుకురమ్మనీ లేదు, వద్దనీ లేదు. పాలు తాగే బిడ్డను పన్నెండు రోజులు ఇంట్లో వదిలి రావడం అయ్యే పని కాదు కాబట్టి, లేని మాటను తల్లులు తమకు అనుకూలంగానే చదువుకున్నారు.

కొత్త టీచరు కూడా అలాగే చదువుకుంది. లెక్కలు చెప్పే ఉద్యోగంలో చేరి ఆమెకు రెండేళ్ళు. పేపర్లు దిద్దడానికి రావడం అదే మొదటిసారి. సంకన ఎనిమిది నెలల కూతురు చిట్టి, భుజాన సంచీ, వెనకాల బిడ్డను చూసుకోవడానికి తోడు వచ్చిన అత్తగారు. గేటు దగ్గర గుమాస్తా ఉత్తర్వు చూసి, ముగ్గురినీ చూసి, "ఉత్తర్వు ఒకరికే ఉందండీ" అన్నాడు.

"మిగతా ఇద్దరం పేపర్లు ముట్టుకోంలే బాబూ" అంది అత్తగారు. అంటూనే లోపలికి నడిచింది.

ఆ మాటలో సగమే నిజమని అప్పటికి ఎవరికీ తెలియదు.

దిద్దే చోటు బడిలోని పొడవాటి హాలు. ఒక పక్క భాషలవాళ్ళు, మధ్యలో సైన్సు, కిటికీల పక్క వరసలో లెక్కలు. పేపర్ల కట్టలు చెక్కపెట్టెల్లో వచ్చేవి. పెట్టె మీద నల్ల అచ్చు అక్షరాలతో సబ్జెక్టు పేరు ఉండేది. కట్టలు తీసేశాక ఖాళీ పెట్టెలు తల్లుల వాటా. అడుగున మడత పెట్టిన దుప్పటి, దాని మీద నలిగి మెత్తబడ్డ పాత చీర. పెట్టె కింద సరిగ్గా నడుమ గుండ్రటి రూళ్ళకర్ర అడ్డంగా పెడితే, కాలితో కొంచెం తొక్కినా ఉయ్యాలలా అటూ ఇటూ ఊగేది. ఈ ఉపాయం ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, హాలులో ఉన్న ఆరుగురు చంటిపిల్లలూ అలాగే నిద్రపోయేవారు. ఎడమ కాలు పెట్టె మీద, కుడి చెయ్యి పేపరు మీద. సైన్సు టీచరమ్మ అయితే ఒడిలో బిడ్డకు పాలిస్తూనే కూడికలు వేసేది. ఒక్క అంకె తప్పేది కాదు.

చిట్టికి దొరికింది లెక్కల పెట్టె. "లెక్కల్లో పడిన పిల్ల, ఇంక పైకి లేచినట్టే" అని అందరూ నవ్వారు.

ఆరుగురిలో ఒక పిల్లాడిని తెచ్చింది తల్లి కాదు, తండ్రి. ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమెకు సెలవు దొరకలేదు. ఆయన చొక్కా జేబులో ఎర్ర పెన్నూ, ప్యాంటు జేబులో పాలసీసా ఎప్పుడూ ఉండేవి. పాలసీసా మాస్టారు అనే పేరు మొదటి రోజు మధ్యాహ్నానికే ఖాయమైపోయింది.

"మాస్టారూ, జేబులు చూసుకోండి. పేపరు మీద పాలు పోసి పిల్లాడికి ఎర్ర సిరా పట్టేరు" అనేది సైన్సు టీచరమ్మ.

"పట్టినా ఏం కాదండీ. మా వాడు టీచరు కొడుకు, సిరా అరుగుతుంది" అనేవాడు ఆయన.

ఆయన బల్ల కొత్త టీచరు బల్లకు ఆనుకునే ఉండేది. ఆ వరసకంతటికీ పెద్ద చీఫ్ మాస్టారు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఎవరైనా అరమార్కు ఎక్కువ వేసినా, అరమార్కు తక్కువ వేసినా బల్ల దగ్గరికి పిలిచి నిలదీసేవారు. ఆయన వినకుండా అందరూ ఆయన్ని అరమార్కు మాస్టారు అనేవారు. పిల్లల పెట్టెల జోలికి ఆయన పోలేదు. ఏడుపు మరీ ఎక్కువైతే కళ్ళజోడు మీదుగా ఒక చూపు చూసేవారు, అంతే.

ఆ హాలు చప్పుడు ఆ తరవాత ఎన్నేళ్ళు గడిచినా కొత్త టీచరు చెవుల్లో ఉండిపోయింది. వందల కాగితాలు ఒకేసారి తిరిగే చప్పుడు, కిర్రుమనే ఫ్యాన్లు, రూళ్ళకర్రల మీద పెట్టెల దబ్ దబ్, నడుమ నడుమ ఎవరో ఒక పిల్ల తనలో తను చెప్పుకునే ఊసులు. ఎవరి బిడ్డ లేచినా కాలు అందినవాళ్ళు పెట్టె ఊపేవారు. తెలుగు మాస్టారి పాటకు సైన్సు బిడ్డ నిద్రపోయేది. అంత పనిలోనూ తన బిడ్డ తన కాలి దగ్గరే ఉందన్న నిమ్మళం ఆమెకు ఆ తరవాత ఏ ఉద్యోగ దినంలోనూ దొరకలేదు.

అయిదో రోజు మధ్యాహ్నం అత్తగారు చిట్టి గుడ్డలు మూట కట్టుకుని లేచింది.

"అమ్మాయ్, కుళాయి దగ్గర జనం లేరు. ఇవి జాడించి ఆరేసొస్తా. దాన్ని చూసుకో, లేచి నిలబడుతోంది."

"చూస్తాలే అత్తయ్యా. ఈ ఒక్క పేపరైతే అయిపోతుంది."

ఆ పేపరులో చివరి లెక్క ఒక్కటే మిగిలింది. డబ్బా ఆకారం, అడుగు వ్యాసార్ధం ఏడు, ఎత్తు పది, లోపల ఎంత పడుతుంది? నాలుగు మార్కులు. సూత్రానికి ఒకటి, అంకెలు పెట్టినందుకు ఒకటి, తేల్చినందుకు ఒకటి, జవాబుకు ఒకటి. ఆమె ఒక పక్క కాగితం మీద అప్పటిదాకా వచ్చినవి కూడింది. ముప్ఫై ఒకటి. ముప్ఫై అయిదు వస్తే గట్టెక్కినట్టు. అంటే ఈ లెక్క మొత్తం కరెక్టయితే ఈ పిల్లాడో పిల్లో సరిగ్గా అంచు మీద నిలబడతారు. సరిగ్గా అప్పుడే పెన్నులో సిరా అయిపోయింది. ఆమె కిందికి వంగి సంచిలో ఇంకో పెన్ను కోసం వెతికింది.

"మేడం, మీ అసిస్టెంటు దిద్దేస్తోంది చూడండి!" అన్నాడు పాలసీసా మాస్టారు.

తలెత్తి చూస్తే చిట్టి పెట్టెలో నిలబడి, బల్ల అంచు పట్టుకుని, వేలాడుతున్న పేపరు మూలను తీరిగ్గా నములుతోంది. పేపరు లాక్కుని, బిడ్డను ఎత్తుకుని, నోట్లో వేలు పెట్టి తిప్పింది. నానిన ముద్ద ఒకటి వచ్చింది. చిట్టి నాలుక నీలంగా ఉంది. తన నోటి దగ్గరిది లాగేసుకున్నారని అది గుక్కపట్టి ఏడుపు అందుకుంది.

"మింగిందా?" అని అడిగాడు పాలసీసా మాస్టారు.

"కొంత మింగింది. కొంత ఇదిగో."

ఆ ముద్దను విప్పితే సిరా మరక తప్ప ఏమీ లేదు. పేపరులో సూత్రం ఉంది, అంకెలు పెట్టిన వరస ఉంది. ఆ కింద రెండు వరసలు ఉండాల్సిన చోట అర్ధచంద్రాకారంలో తడిసిన అంచు ఉంది. చేతిలో ఉన్నవి ముప్ఫై మూడు. గట్టెక్కాల్సిన రెండు మార్కులూ చిట్టి కడుపులో ఉన్నాయి.

పాలసీసా మాస్టారు గొంతు తగ్గించాడు. "రెండు మార్కులు వేసేసి కట్టలో పెట్టేయండి మేడం. తిన్నది మన పిల్ల. ఇచ్చుకోవలసింది మనమే. అడ్డమైన ఎలుకలూ పేపర్లు కొరుకుతాయి, ఎవరడుగుతారు?"

ఆమె పెన్ను మూత తీసింది. వేస్తే ఎవరికీ తెలియదు. ఎవరో ఒకరు పాసవుతారు, చిట్టి పెట్టె చిట్టికి ఉంటుంది. వెయ్యకుండా ముప్ఫై మూడని రాసినా ఎవరికీ తెలియదు. పెన్ను కాగితం దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆమె నాన్న గిడ్డంగిలో బస్తాలు మోసేవాడు. చదువు లేదు. ఆమె బడి నుంచి మార్కుల కాగితం తెస్తే దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎర్ర అంకెల మీద వేలు పెట్టేవాడు. ఒకసారి తక్కువ వచ్చి, టీచరు సరిగ్గా చూడలేదని ఆమె ఏడిస్తే, "ఎర్ర సిరా పెట్టారంటే చూసే పెడతారమ్మా. చూడకుండా ఎవరన్నా పెడతారా?" అన్నాడు. ఆ నమ్మకం మీదే ఆ ఇంట్లో మొదటిసారిగా ఒక మనిషి డిగ్రీ దాకా వెళ్ళింది. ఇప్పుడు ఆమె చేతిలో ఎర్ర సిరా ఉంది. కాగితం మీద చూడటానికేమీ లేదు.

పెన్ను మూత పెట్టి, బిడ్డను సంకనేసుకుని, పేపరూ తడి ముద్దా పట్టుకుని చీఫ్ మాస్టారి బల్ల దగ్గరికి నడిచింది. చుట్టుపక్కల పెట్టెల ఊపు ఆగింది.

"ఏమిటమ్మా ఇది?"

"పేపరు సార్. మా పాప కొరికేసింది."

ఆయన కళ్ళజోడు తీసి పేపరును చూడలేదు, చిట్టిని చూశారు. "నాలుక నీలంగా ఉంది. ముందు నోరు కడిగించుకు రండి. తరవాత చూద్దాం."

నోరు కడిగి తిరిగి వచ్చేసరికి అత్తగారు కూడా తడి చేతులతో వెంట వచ్చింది. కోడలి ముఖం చూసి ఆవిడకు కంగారు పుట్టింది.

"ఏమైందమ్మాయ్?"

"చిట్టి ఎవరిదో లెక్క తినేసింది అత్తయ్యా."

"అయ్యో! నా బుద్ధి మండా, ఇప్పుడే ఉతకాలా నేను? పోనీ ఆ పిల్లాడిని పిలిచి మళ్ళీ రాయించుకోకూడదూ?"

"ఎవరో తెలీదు అత్తయ్యా. పేరుండదు, నంబరే."

"పేరు తెలియని బిడ్డకు అన్యాయం చేసిందా నా మనవరాలు!" అని ఆవిడ అక్కడే ఖాళీ బెంచీ మీద కూలబడింది.

చీఫ్ మాస్టారు అప్పటికే పేపరు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. కొరికిన కాగితాన్ని కాదు, దాని కిందున్న ఖాళీ కాగితాన్ని ఎండకు ఏటవాలుగా పెట్టి చూస్తున్నారు. "ఇలా రండి. వీడెవడో పెన్ను నొక్కి నొక్కి రాసే రకం. కింది కాగితంలో గాట్లు పడ్డాయి. మీవి కుర్ర కళ్ళు, చదవండి."

ఆమె వంగి చూసింది. ఎండ పక్కనుంచి పడితే తెల్ల కాగితంలో పల్చటి నీడలు లేచాయి. అంకెలు! "ఇరవై రెండు ఇంటూ ఏడు ఇంటూ పది..." అని చదివింది. "తేల్చడం కరెక్టే సార్! మార్కు ఉంది!"

"కిందది?"

ఆమె ఇంకొంచెం వంచింది. మూడుసార్లు చూసింది. "వెయ్యిన్నీ నాలుగువందల నలభై."

రావలసింది వెయ్యిన్నీ అయిదువందల నలభై. ఎక్కం తప్పింది.

"ముప్ఫై నాలుగు" అన్నారు చీఫ్ మాస్టారు.

బెంచీ మీద నుంచి అత్తగారే లేచింది. "బాబుగారూ, ఒక్కటే కదా తక్కువ. మా పిల్ల తిన్నందుకు శాంతిగా ఆ ఒక్కటీ వేసెయ్యండి. మీ చేతిలో పని."

"అమ్మా, మీ కోడలు ఈ అయిదు రోజుల్లో ఎంతమందికి ముప్ఫై నాలుగు వేసిందో అడగండి."

"ముగ్గురికి" అంది కొత్త టీచరు నెమ్మదిగా.

"ఆ ముగ్గురి పేపర్లూ ఏ పాపా కొరకలేదు. అందుకని వాళ్ళు తప్పాలి, వీడు పాసవ్వాలా?"

అత్తగారు వెనక్కి తగ్గలేదు. "అయితే మొదటి నుంచీ ఇంకోసారి చూడండి. కూడికలు మనుషులు వేసేవే కదా."

"చూస్తాను. చినిగిన పేపరు ప్రతి పేజీ చూడాలని రూలే ఉంది" అంటూ ఆయన కూర్చున్నారు.

మొదటి పేజీ నుంచి వేలు పెట్టుకుంటూ వచ్చారు. కొత్త టీచరు ఎదురుగా నిలబడింది. ఏ మార్కు దగ్గరా ఆయన ఆగలేదు. ఆమె దిద్దుబాటు శుభ్రంగా ఉంది. కొరికిన పేజీ దాటి ఖాళీ పేజీలకు వచ్చారు. ఖాళీ పేజీల మీద అడ్డంగా ఎర్రగీతలు ఉన్నాయి. ఖాళీ అని చూసినట్టు గుర్తు అది. పొద్దున్నే ఆ రోజు వాటా ఇరవై పేపర్లూ ముందేసుకుని, వెనక ఖాళీ పేజీలకు గీతలు కొట్టి పెట్టుకోవడం ఆమె సొంతంగా కనిపెట్టుకున్న పద్ధతి. ఆ పనికి బుర్రతో అవసరం లేదు కాబట్టి, చిట్టిని ఒళ్ళో వేసుకుని కూడా చేసుకోవచ్చు. ఆ రోజూ అలాగే చేసింది.

చీఫ్ మాస్టారు ఒక గీత దాటారు, రెండు దాటారు. మూడో చోట ఆయన వేలు ఆగింది. బొటనవేలితో కాగితాన్ని రుద్దారు. ఒకటనుకున్నది రెండయింది.

"ఈ మధ్యలో గీత లేదేం?"

రెండు కాగితాలు కలిసి తిరిగిపోయాయి. వాటి నడుమ పేజీ పై భాగంలో, చిన్న చిన్న అక్షరాలతో రెండు మార్కుల లెక్క ఒకటి ఉంది. ముందు వదిలేసి, చివర్లో గుర్తొచ్చి రాసి ఉంటారు. నంబరు వేసి ఉంది. నాలుగు వరసలు. జవాబు కింద రెండు గీతలు గీసి ఉన్నాయి, ఇదిగో ఇక్కడున్నాను అన్నట్టు.

ఆమె చదివింది. కరెక్టు.

"వెయ్యండి" అన్నారు ఆయన పెన్ను అందిస్తూ.

ఆమె రెండు వేసింది. ముప్ఫై ఆరు. పాలసీసా మాస్టారు "అమ్మయ్య, మా అసిస్టెంటు మేడం లేకపోతే ఇది దొరికేదేనా!" అని చిట్టి బుగ్గ గిల్లాడు. అత్తగారు కళ్ళు తుడుచుకుంది. కొత్త టీచరుకు మాత్రం సంతోషం కాళ్ళ దాకా దిగలేదు. చిట్టి కొరకకపోతే ఈ పేపరు చీఫ్ మాస్టారి బల్ల దాకా వచ్చేది కాదు. ఆ పేజీ మూసుకునే ఉండిపోయేది. చూడకుండా ఎర్ర సిరా పెట్టింది తనే.

చీఫ్ మాస్టారు సొరుగులోంచి ఒక ఫారం తీశారు. చినిగిన పేపరుకు ఆ ఫారం తప్పనిసరి. నంబరు రాశారు, పేజీ రాశారు. "నష్టానికి కారణం" అన్న గడి దగ్గర పెన్ను ఎత్తి పట్టుకున్నారు.

"తడి తగిలి అని రాయండి సార్" అన్నాడు పాలసీసా మాస్టారు. "అబద్ధం కాదు కదా. తడే."

అరమార్కు మాస్టారు నవ్వారు. అయిదు రోజుల్లో అదే మొదటిసారి. "అబద్ధం కాదు. కానీ నిజంలో సగమే." ఆమె వైపు తిరిగారు. "బిడ్డ అని రాస్తే రేపు పైనుంచి ఏమొస్తుందో మీకు తెలుసు. మీరు చెప్పండమ్మా. ఏం రాయను?"

ఆమె హాలంతా చూసింది. మిగతా అయిదు పెట్టెలూ రూళ్ళకర్రల మీద ఊగుతున్నాయి. ఒక బిడ్డ కాలు పెట్టె అంచు మీదికి వచ్చి, వేళ్ళు ముడుచుకుని, మళ్ళీ విప్పుకుంటోంది. ఆ తల్లులెవరూ ఆమె వైపు చూడటం లేదు. చూడకుండానే అడుగుతున్నారు.

"తడి అని రాస్తే ఇంకో పేజీ మూసినట్టే సార్" అంది చివరికి. "జరిగింది జరిగినట్టే రాయండి. ఆ రెండు మార్కుల లెక్క నేను చూడలేదని కూడా రాయండి. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని గీతలు కొట్టానని."

ఆయన రాశారు. రాసింది ఆమెకు చూపించి, సంతకం చేయించుకున్నారు.

మర్నాడు పొద్దున తలుపుకు కాగితం అంటించి ఉంది. దిద్దే హాలులోకి చంటిపిల్లలను అనుమతించరు. ఖాళీ పెట్టెలను గుమాస్తా ఒక్కొక్కటీ ఎత్తి పక్కగదిలో పెట్టించాడు. ఆ గదిలోనే పిల్లలూ, తోడు వచ్చిన పెద్దవాళ్ళూ ఉండవచ్చు. గంటకోసారి తల్లులు వెళ్ళి చూసుకు రావచ్చు. ఆ సౌకర్యం చీఫ్ మాస్టారు పొద్దున్నే వెళ్ళి పోట్లాడి తెచ్చారని తరవాత తెలిసింది. కొత్త టీచరు పేరు మీద సంజాయిషీ అడుగుతూ ఒక మెమో కూడా వచ్చింది. ఆమె నాలుగు వరసల్లో జవాబు రాసి ఇచ్చింది.

నీళ్ళ కుండ దగ్గర సైన్సు టీచరమ్మ ఆమెను చూసి గ్లాసు కింద పెట్టింది. "తడి అంటే ఎవరి సొమ్ము పోయేది? రెండక్షరాలు. నీ నిజాయితీ మాకు గోడై కూర్చుంది."

"తప్పే అక్కా. కానీ ఇంకో పిల్లాడి పేజీ అలా మూసుకుపోతే?"

సైన్సు టీచరమ్మ గ్లాసు నింపుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మాత్రం తన కట్టలోని పేపర్లను చివరి కాగితం దాకా ఒక్కొక్కటే తిప్పుతూ కనిపించింది.

ముప్ఫై ఆరు మార్కుల పిల్లాడో పిల్లో ఎవరన్నది కొత్త టీచరుకు ఎప్పటికీ తెలియలేదు. పేపరు మీద నంబరు వేరు, ఫలితాల్లో వచ్చే నంబరు వేరు. వెతికే దారే లేదు.

మిగిలిన ఏడు రోజులూ హాలులో కాగితాల చప్పుడే మిగిలింది. కాళ్ళు అలవాటుగా పక్కకు చాచితే నేల తగిలేది. పక్కగది గోడ పల్చనిది. అవతల ఏ బిడ్డ ఏడ్చినా ఇటు వినబడేది. ఏడుపు మొదలవగానే హాలులో ఆరు ఎర్ర పెన్నులు గాలిలో ఆగేవి. అయిదుగురు తల్లులు, పాలసీసా మాస్టారితో కలిసి ఆరుగురు, తలలు కొంచెం పక్కకు వంచి వినేవారు. ఆ గొంతు ఎవరిదో తేలేది. ఒక పెన్ను మూత పడేది, ఒక కుర్చీ వెనక్కి జరిగేది. మిగిలిన అయిదూ మళ్ళీ కాగితాల మీదికి దిగేవి.